సముద్రానికి ఉప్పు వాసన ఉంటుందా?

పిల్లలు, చదువు, రాత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పరీక్షల కాలం దగ్గరపడిందేమో, ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి ఉంది. ‘వర్ణించి రాయండి’ అన్న ప్రశ్న చూస్తే పిల్లల కంటే ఇంట్లో పెద్దవాళ్ళకే ఎక్కువ కంగారు. ముందుగా మధురవాడ నుంచి వచ్చిన ఉత్తరం.

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. ‘మీరు చూసిన సముద్ర తీరాన్ని వర్ణించండి’ అని హోంవర్క్ ఇచ్చారు. “విశాఖ సాగర తీరం చాలా అందంగా ఉంటుంది. సముద్రం నీలంగా ఉంటుంది. అలలు ఎగిసిపడతాయి. మేము చాలా ఆనందించాము” అని రాశాడు. పంచేంద్రియాలూ వాడి మళ్ళీ రాయమన్నారు టీచర్. ఈసారి నేను దగ్గర కూర్చుని రాయించాను. “కళ్ళతో అలలు చూశాను. చెవులతో హోరు విన్నాను. ముక్కుతో ఉప్పు వాసన పీల్చాను. నాలుకతో మురీ మిక్చర్ రుచి చూశాను. చర్మానికి చల్లగాలి తగిలింది” అని వచ్చింది. చదువుతుంటే నాకే నవ్వొచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ టెన్షన్. అసలు ఇది ఎలా నేర్పాలండీ? (ఒక తల్లి, మధురవాడ)

జవాబు: మీకు నవ్వొచ్చిందంటే ఎక్కడ తేడా కొట్టిందో మీకు తెలిసినట్టే. ఆ ఐదు వాక్యాల్లో వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ అవి రాయడానికి బీచికి వెళ్ళనక్కర్లేదు. పూరీ బీచి గురించైనా, చెన్నై బీచి గురించైనా అవే వాక్యాలు సరిపోతాయి. మీ అబ్బాయి నిజంగా మన బీచిలో నిలబడ్డాడన్న ఆనవాలు ఒక్క మురీ మిక్చర్‌లోనే దొరికింది.

శబ్ద స్పర్శ రూప రస గంధాలని మన పెద్దవాళ్ళు ఐదింటినీ ఒక్క ఊపిరిలో చెప్పారు. అన్ని చోట్లా ఐదూ సమానంగా దొరుకుతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆధార్ ఫారంలో గళ్ళు నింపినట్టు ఇంద్రియానికో వాక్యం నింపమంటే పిల్లలు బుద్ధిగా నింపేస్తారు. టీచర్ ఉద్దేశం మంచిదే. అయితే ఆవిడ అన్న ‘ఐదూ’ అనే మాటను మీరిద్దరూ మరీ సీరియస్‌గా తీసుకున్నారు. రెండు చాలు. ఒక్కోసారి ఒకటే చాలు.

ముందు చోటు తగ్గించండి. ఆర్కే బీచ్ మొత్తం పదేళ్ళ పిల్లాడికి చాలా పెద్దది. కోస్టల్ బ్యాటరీ నుంచి రుషికొండ దాకా వర్ణించమంటే పెద్దవాళ్ళం కూడా ‘చాలా అందంగా’ దగ్గరే ఆగిపోతాం. అల వచ్చి ఆగిపోయే ఆ తడి గీత ఉంటుంది చూడండి, వాణ్ణి అక్కడ నిలబెట్టండి. అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారుతుంది, నిలబడ్డ మనిషి ఒరుగుతున్నట్టు అనిపిస్తుంది. వంగి చూస్తే ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. అవి మురికి అనుకునేవాళ్ళే ఎక్కువ. ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులవి. తేలిక ఇసుకను అల లాక్కుపోతే ఇవి వెనకబడి చారలు కడతాయి. ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి, కొన్ని నల్ల రేణువులు దానికి అంటుకుంటాయి. ఇంత చూసిన పిల్లాడు ఇంటికొచ్చి ‘సముద్రం నీలంగా ఉంటుంది’ అని రాయమన్నా రాయడు.

ఇక ఉప్పు వాసన సంగతి. వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి బాబుని వాసన చూడమనండి. ఏమీ రాదు. సముద్రపు గాలిలో మనం పట్టే ఆ వాసనకు ముఖ్య కారణాల్లో ఒకటి డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు. నీళ్ళలో తేలే అతి చిన్న నాచుజీవులు చచ్చిపోయాక వాటిలోని పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొడితే అది పుడుతుంది. ఈ పేరు బాబుకి అక్కర్లేదు లెండి. ‘ఉప్పు వాసన’ అన్నది వాడి ముక్కు చెప్పింది కాదని, ఎక్కడో విన్నదో చదివిందో అని మీకు తెలిస్తే చాలు. మరి ఉప్పు ఎక్కడ దొరుకుతుంది? పెదవి నాకితే దొరుకుతుంది. గాలికి ఆరిన చెంప బిర్రుగా లాగినప్పుడు తెలుస్తుంది. ఆ రెండిట్లో ఏది రాసినా సముద్రం వచ్చేస్తుంది.

‘ఏం చూశావు, ఏం విన్నావు’ అని అడగకండి. అది మళ్ళీ ఫారమే అవుతుంది. ‘నీ కాళ్ళ కింద ఏం జరిగింది?’, ‘మిక్చర్ బండివాడు డబ్బా మీద గరిటెతో ఎలా కొట్టాడు?’, ‘నిమ్మకాయ పిండాక పొట్లం అడుగున ఏమైంది?’, ‘ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే ఏం రాలింది?’ అని అడగండి. ఇంకో మాట. పెన్ను మీరు పట్టుకోకండి. వాడు చెప్పేది ఫోన్లో రికార్డు చేసి, తిరిగి వాడికే వినిపించి రాయమనండి. పిల్లలు నోటితో చెప్పేటప్పుడు “అమ్మా, ఇసుక నన్ను లాగేసిందే!” అంటారు. పెన్ను చేతికి రాగానే అదే ‘సాగర తీరం’ అయిపోతుంది.

ఇలా చేస్తే ఎలాంటి పేరా వస్తుందో చూపిస్తున్నాను. దీన్ని కాపీ చేయించకండి.

“అల వెనక్కి వెళ్తుంటే నా కాళ్ళ కింద ఇసుక కూడా వెళ్ళిపోయింది. నేను కదల్లేదు గానీ పడిపోతాననిపించి అమ్మ చున్నీ పట్టుకున్నాను. చున్నీ తడిసిపోయి బరువుగా ఉంది. అమ్మ ‘ఇంక చాలు రా’ అంది. ఇంకొక్క అల అన్నాను. నా పెదాలు ఉప్పగా ఉన్నాయి. మిక్చర్ పొట్లం అప్పటికే మెత్తబడిపోయింది.”

ఇందులో ముక్కు లేదు, నీలం రంగు లేదు, ‘చాలా ఆనందించాము’ కూడా లేదు. ‘ఇంకొక్క అల’ అన్నాడంటే వాడికి సరదాగా ఉందని మనకి అర్థం కావట్లేదా?

మన ప్రబంధ కవులకు అష్టాదశ వర్ణనలు చేసి తీరాలన్న లెక్క ఉండేది. అందులో సముద్రం కూడా ఒకటి. కవిగారు సముద్రం చూసినా చూడకపోయినా ఆ పద్యాలు రాసి తీరాలి. మీ బాబుకి ఆ కష్టం లేదు, బస్సెక్కితే సముద్రం కనిపిస్తుంది.

ఐదు దగ్గరే ఆగాలనీ లేదు. ఇరుకు, ఉక్క, ఆకలి, కళ్ళు తిరగడం కూడా ఒంటికి తెలిసేవే. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి లోపలికి ఒకసారి తీసుకెళ్ళండి. కంటికి కనిపించేవన్నీ పైపులూ మీటర్లూ చక్రాలే. వాటి జాబితా రాస్తే చదివేవాడికి నిద్రొస్తుంది. కానీ తల వంచి, కాలు ఎత్తి గుండ్రటి తలుపులోంచి దూరడం, ఎదురుగా మనిషి వస్తే గోడకి అతుక్కుపోవడం, ఇలాంటి చోట నెలల తరబడి మనుషులు ఎలా ఉన్నారో అనుకోవడం, ఇవన్నీ వాడు ఒంటితో తెలుసుకున్నవి.

ప్రశ్న: గాజువాకలో ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. తరగతిలో 40 మంది. అందర్నీ బయటికి తీసుకెళ్ళడం అయ్యే పని కాదు. ఐదు గళ్ళ పట్టిక ఇచ్చి నింపిస్తున్నాను. మొన్న ఒక అమ్మాయి లేచి “టీచర్, మిరపకాయ బజ్జీ కారం రుచి గడిలో రాయాలా, స్పర్శ గడిలో రాయాలా? నాలుక మండింది కదా” అంది. తడబడ్డాను. ఏం చెప్పాలి? (ఒక ఉపాధ్యాయిని, గాజువాక)

జవాబు: ఆ అమ్మాయి చేతిలో ఒక బజ్జీ పెట్టండి, అడిగింది సరైన ప్రశ్న. మన పెద్దలు షడ్రుచుల్లో కారాన్నీ కలిపారు. శరీరం లెక్క వేరు. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడినీ నొప్పినీ పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. అందుకే మిరపకాయలు కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే అక్కడా మండుతుంది. కంటికి రుచి తెలియదు కదా. జలుబు చేసినప్పుడు చారు చప్పగా ఉందంటాం. నాలుకకి ఏమీ కాలేదు, ముక్కు మూసుకుపోయిందంతే. పకోడీ కరకరలాడటం చెవిదా, పంటిదా? చెప్పడం కష్టం. నాలుక కొసన తీపి, వెనక చేదు అంటూ గీసే పాత బొమ్మ కూడా తప్పే. అన్ని రుచులూ నాలుక మీద రుచిమొగ్గలున్న అన్ని చోట్లా తెలుస్తాయి. గళ్ళు మొదటి రోజు పరిచయానికి పనికొస్తాయి, ఆ తర్వాత తీసేయండి.

బయటికి వెళ్ళలేకపోతే బయటిదాన్నే సంచిలో తెచ్చుకోండి. ఒక గుడ్డసంచిలో కొబ్బరి పీచు, కుంకుడుకాయ, పసుపుకొమ్ము, గవ్వ, తాటిటెంక, చింతగింజ వేయండి. చూడకుండా చేయి పెట్టి చెప్పాలి. పేరు చెప్పకూడదు, ‘బాగుంది’ అనకూడదు, ఇంతకు ముందు ఎవరైనా అన్న మాట మళ్ళీ అనకూడదు. ఈ మూడో నియమమే ఆటకి ప్రాణం. మొదటి పిల్లాడు పీచుని ‘గరుకు’ అనేస్తాడు. రెండోవాడు ఇరుక్కుపోతాడు, కాసేపు తడుముతాడు, చివరికి “గీసుకుంటోంది గానీ గుచ్చుకోవట్లేదు టీచర్” అంటాడు. మీకు కావలసింది ఆ వాక్యం. నోట్లో పెట్టుకునేవి మాత్రం తరగతిలో వద్దు. పల్లీల్లాంటివి కొందరు పిల్లలకు పడవు.

శబ్దానికి ఏమీ తేనక్కర్లేదు. కళ్ళు మూయించి ఒక నిమిషం ఊరుకోబెట్టండి. ముందు అందరూ ఫ్యానే అంటారు. తర్వాత పక్క తరగతి ఎక్కాలు వినబడతాయి. ఆ తర్వాత, ఓపిక ఉన్నవాళ్ళకి, మధ్యాహ్న భోజనం గిన్నెలో తిరిగే గరిటె, హైవే మీద గేరు మార్చే లారీ. దగ్గరి నుంచి దూరానికి వరసలో బోర్డు మీద రాయండి, మీ బడి అప్పుడే సగం కాగితం మీదకి వచ్చేస్తుంది.

దిద్దేటప్పుడు ఒక్కొక్కరి పేజీలో మీకు నచ్చిన ఒక్క వాక్యం కింద గీత గీయండి. ఒత్తులూ దీర్ఘాలూ రెండో విడత దిద్దవచ్చు. పేజీ నిండా ఎర్ర సున్నాలు చూసిన పిల్ల మళ్ళీ ‘చాలా అందంగా ఉంది’ అనే రాస్తుంది, ఎందుకంటే ఆ మాటలు రాస్తే తప్పులు రావు.

ప్రశ్న: మా మనవరాలికి గలగల, జలజల, తళతళ, మిలమిల వంటి మాటలు నూరు ఏరి పట్టిక చేసి బట్టీ పట్టిస్తున్నాను. వర్ణనకు పనికొస్తాయి కదా? (ఒక తాతగారు, సీతమ్మధార)

జవాబు: నమస్కారమండీ. మాటలు వినిపించడం మంచిదే, బట్టీ మాత్రం వద్దు. బట్టీ పట్టిన పిల్ల ఏరు కనిపిస్తే గలగల, నక్షత్రం కనిపిస్తే మిలమిల అని ఆలోచించకుండా అతికించేస్తుంది. ఎండిపోయిన గెడ్డ కూడా గలగలా పారుతుంది పాపం.

వీలైతే మనవరాల్ని కిరండూల్ పాసింజరులో అరకు తీసుకెళ్ళండి. గుహ (సొరంగం) రాగానే పెట్టె మొత్తం పిల్లల కేకలతో నిండిపోతుంది, మీకు తెలిసిందే. కేకలు పక్కన పెట్టి చక్రాల చప్పుడు వినమనండి. బయట ఉన్నప్పుడు ఎలా ఉంది, గుహలోకి దూరాక గోడలకి తగిలి ఎలా మారింది, వంతెన మీద ఎలా ఉంది? ఆ మూడు చప్పుళ్ళకీ మూడు మాటలు తననే కట్టమనండి. నిఘంటువులో లేకపోయినా ఫర్వాలేదు. ‘గుడ్డంగుడ్డం’ అందనుకోండి, ఉంచేయండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాన్న బోటు మీద కళాసీ. ‘మా ఊరిలో నాకు నచ్చిన చోటు’ అంటే ఫిషింగ్ హార్బర్ గురించి రాశాను. “చేపల కంపు కొడుతుంది, అయినా నాకు ఇష్టం” అని రాస్తే ఇలాంటివి వ్యాసంలో రాయకూడదని కొట్టేశారు. క్లాసులో కొందరు నవ్వారు. కైలాసగిరి గురించి మార్చి రాశాను, మంచి మార్కులు వచ్చాయి. హార్బర్ గురించి ఎలా రాయాలి మేడమ్? (ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: అమ్మా, కైలాసగిరి మార్కులు నీ దగ్గరే ఉంచుకో. హార్బర్ వ్యాసం మళ్ళీ రాసి నాకు పంపు.

వ్యాసంలో దుర్వాసన ఉండకూడదన్న నియమం ఎక్కడా లేదు. సంపెంగలూ చందనమూ ఉన్న సింహాచలం ఎంత వర్ణనకు తగినదో, ఐసూ డీజిలూ ఉన్న హార్బరూ అంతే తగినది. నవ్వినవాళ్ళ ఇళ్ళలో ఆదివారం వంజరం ఏ దారిన వచ్చిందో వాళ్ళకి తెలియదు, అంతే.

అయితే నీ వాక్యంతో నాకూ ఒక పేచీ ఉంది. ‘కంపు’ అనేది రోడ్డు మీద బైకాపి ముక్కు మూసుకునేవాళ్ళు అనే మాట. నీకు అంతకంటే ఎక్కువ తెలుసు. తెల్లారుజామున దింపిన తాజా చేప అంతగా వాసనెయ్యదని నీకు తెలుసు. సముద్రపు చేప ఒంట్లో ఒక పదార్థం ఉంటుంది, దానికి వాసన లేదు. చేప చచ్చాక, ఐసు తగ్గినకొద్దీ బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమీన్‌గా మారుస్తుంది. మనం నీచు అనేది ఎక్కువగా దాని వాసనే. మీ అమ్మ పులుసులో చింతపండు వేస్తే ఆ వాసన అణుగుతుంది, ఎందుకంటే పులుపు ఆ అమీన్‌ని గాలిలోకి లేవకుండా పట్టేస్తుంది. అంటే వాసనే చేప ఎప్పటిదో చెబుతుంది. వేలం పాట దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు చేప మొప్ప ఎత్తి చూసేదీ, ముక్కు దగ్గర పెట్టుకునేదీ అందుకే. ఇది రాస్తే నవ్వేవాడు నవ్వు ఆపి చదువుతాడు.

ఇంకో కిటుకు ఉంది. ఏ వాసనలోనైనా కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి చేపలు తప్ప ఇంకేమీ తెలియదు. నీకు చేపల వాసన వెనక్కి వెళ్ళిపోయి మిగతావి తెలుస్తాయి. తడి తాళ్ళది వేరు, డీజిల్ పొగది వేరు, ఎండబెట్టిన నెత్తళ్ళది వేరు. మీ నాన్నగారు వేట నుంచి వచ్చినరోజు చొక్కాది ఇంకా వేరు. ఆ తేడాలు హార్బర్‌కి ఒకరోజు వచ్చి వెళ్ళేవాళ్ళు రాయలేరు.

వేట నిషేధం రోజులు కూడా రాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో మరబోట్లు ఆగిపోతాయి. అప్పుడు హార్బర్ వాసన మారుతుందా? ఇంజన్ల చప్పుడు లేకపోతే ఏం వినబడుతుంది? బోట్లకి రంగులు వేసేటప్పుడు, వలలు బాగుచేసేటప్పుడు మగవాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? డబ్బు లేని ఆ రెండు నెలలూ మీ ఇంట్లో ఏ కూర ఎక్కువ వండుతారు? ఒకే చోటుని రెండు కాలాల్లో పక్కపక్కన పెట్టు. ‘అయినా నాకు ఇష్టం’ అని చెప్పాల్సిన పని పడదు. ఆ ‘అయినా’ ఒక్కటి మాత్రం నువ్వే కొట్టెయ్.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదు, కంటి డాక్టర్ పరీక్ష చేసి చెప్పారు. స్కూలు వాళ్ళు ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్ళి వర్ణన రాయించారు. ఎరుపు ఊసే లేదని మార్కులు తగ్గించారు. వాడు బాధపడుతున్నాడు. వర్ణన వాడికి రాదా? (ఒక తండ్రి, భీమిలి)

జవాబు: భేషుగ్గా వస్తుంది. ఎరుపు రాయని ఆ వ్యాసం చదవాలని నాకు నిజంగా ఆసక్తిగా ఉంది, ఎందుకంటే మిగతా పిల్లలంతా మొదటి వాక్యంలోనే ‘ఎర్రగా’ అని రాసి పని అయిపోయిందనుకుని ఉంటారు. ఆ దిబ్బలకి రంగు వచ్చింది ఇసుక రేణువుల చుట్టూ పట్టిన ఇనుము ఆక్సైడ్ పూత వల్ల. ఆకారం మాత్రం వాననీళ్ళు కోసిన గాడుల వల్ల వచ్చింది. నిట్టనిలువు గోడలు, వాటి మీద నీళ్ళు జారిన గీతలు, మలుపు తిరిగితే ముందువాళ్ళు కనబడకుండా పోవడం, కాలు పెడితే కూరుకుపోయే ఇసుక, సాయంత్రం గోడకి ఒకవైపే పడే నీడ. వెలుగునీడల తేడా మీ అబ్బాయికి బాగానే తెలుస్తుంది. ‘నాకు ఈ దిబ్బలూ వాటి మీద పొదలూ దాదాపు ఒకే రంగులో కనిపిస్తాయి’ అని వాడు రాసినా అది తప్పు కాదు, వాడు చూసింది అదే. వాడికి ఇష్టమైతేనే రాయమనండి.

మార్కుల కోసం టీచరుతో గొడవ పెట్టుకోకండి, విషయం తెలియక తగ్గించి ఉంటారు. డాక్టర్ ఇచ్చిన కాగితం చూపించి మాట్లాడండి. ఇది ఎక్కువగా మగపిల్లల్లోనే, పుట్టుకతోనే వస్తుంది కాబట్టి, అదే తరగతిలో ఇంకొకడు కూడా ఉండొచ్చని చెప్పండి. పనిలో పనిగా సాంఘిక శాస్త్రం, సైన్స్ టీచర్లకీ చెప్పి ఉంచండి. ఎరుపు, ఆకుపచ్చలతో గీసిన పటాలూ గ్రాఫులూ పరీక్షలో వచ్చినప్పుడు రంగుకి బదులు చుక్కలో, అడ్డగీతలో ఉంటే వాడికి ఇబ్బంది ఉండదు.